రంగమ్మ కాయకూ కృష్ణగిరి కాయకూ ఎంత దూరం

ఆ కంప్యూటరును చూస్తేనే తారకు ఒళ్ళు మండేది. 2004 వేసవిలో హోసూరులోని ఒక పరిశోధన కేంద్రంలో ఆమె పని ఇదీ: ఇప్పటి మామిడి రకాల జన్యువుల్లోని అక్షరాలను ఒక ప్రోగ్రాముకు ఇచ్చి, వీటన్నిటికీ ముత్తవ్వ అయిన చెట్టులో ఆ అక్షరాలు ఎట్లా ఉండి ఉంటాయో లెక్క కట్టించడం. ముత్తవ్వ సంగతి దేవుడెరుగు, పొద్దంతా నడిచి నడిచి ఆ ప్రోగ్రాము చివరికి చెప్పే మాట ఒక్కటే. "జవాబు అంకె కాదు" అని.

తార కృష్ణగిరి మామిడి మండీ వ్యాపారి గోపాలయ్య కూతురు. మండీలో లెక్క తప్పితే నాయన గుమాస్తా మీద అరిచేవాడు. ఈమె ఎవరి మీద అరవాలి? గైడు శ్రీహరి మంచివాడే, కానీ ఆయనా చేతులెత్తేశాడు. "నెలాఖరుకు నీ థీసిస్‌లోని ఈ అధ్యాయం నా చేతిలో పెట్టమ్మా. లేకపోతే నీ ఫెలోషిప్పు పొడిగించమని పైవాళ్ళను అడగలేను" అన్నాడు.

మరీ చిన్న అంకెలను గుణించీ గుణించీ కంప్యూటరు సున్నాకు దిగజారిపోతోందేమో అనుకుంది. గుణకారాలు మాన్పించి లాగరిథమ్‌లు కూడించింది. ఊహూఁ. మొదటి విలువలు మార్చింది. ఊహూఁ. విసుగెత్తి ఒక్కో రకాన్నీ తీసేస్తూ నడిపించింది. రంగమ్మ కాయను తీసేస్తే నడిచింది. దాన్ని ఉంచి కృష్ణగిరి కాయను తీసేసినా నడిచింది. రెండూ ఉంటేనే మొరాయింపు. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు. తేడా లేకపోతే దూరం సున్నా. ఆ సున్నాతో భాగించబోయి ప్రోగ్రాము బోర్లా పడుతోంది.

అధ్యాయమంతా ఆ రెండూ వేరు రకాలన్న మాట మీదే నిలబడి ఉంది. రంగమ్మ కాయ తమ తోటలోది. కృష్ణగిరి కాయ కావేరిపట్టణంలో మేనత్త రంగమ్మ అత్తవారి తోటలోది. జన్యువుల కోసం ఆకులు కోసినప్పుడు రెండు సంచుల్లోనూ ఒకే చెట్టువి వేశానేమో, మళ్ళీ కోసుకొద్దామని ఆదివారం బస్సెక్కింది.

"ఏమ్మా తారా, ఇట్ల పుల్ల మాదిరి అయిపోయినావే! ఆడ హాస్టల్లో తిండి పెట్టరా ఏమి?" అంది అత్త.

"అత్తా, ఈ చెట్టు యాడ నుంచి వచ్చింది?"

"యాడ నుంచేమి, మీ తోట నుంచే. నా పెండ్లినాడు మీ తాత అంటు కట్టించి నాతో పంపించినాడు. మనలో ఆడపిల్ల వెంట అంటు పోవాల్సిందే కదమ్మా. ఈడోళ్ళు దానికి నా పుట్టినూరి పేరు పెట్టినారు. ఆడ మీ తాత తల్లి చెట్టును నా పేరుతో పిలుచుకున్నాడు."

తార గట్టు మీద కూలబడింది. చిన్నప్పటి నుంచి రెండిళ్ళలోనూ తిన్నది ఒకటే కాయ. మా తోటదే తీపని అత్త పిల్లలతో జుట్టూ జుట్టూ పట్టుకుంది కూడా. ఇప్పుడు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

"మన చెట్టు పేరు బుక్కులో వస్తాదంట కదా?" అని అత్త సంబరంగా అడిగింది. తార తల ఊపింది.

సోమవారం ఆమె ఒక వరుసలో ఒకే ఒక్క అక్షరం మార్చింది. ఎవరు చూడొచ్చారు? ప్రోగ్రాము హాయిగా నడిచింది.

"వచ్చిందా అక్కా?" అంది పక్క సీటు పవిత్ర.

"వచ్చింది" అంది తార. అమ్మయ్య, అధ్యాయం నిలబడింది, ఫెలోషిప్పూ నిలబడింది. అలసటకొద్దీ కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచి ఫలితం చదివింది. ఆ రెండు చెట్లూ వేల ఏళ్ళ కిందట విడిపోయాయట.

తమ ఇంటి గోడకు ఇంకా వేలాడుతున్న అత్త పెళ్ళిఫోటో గుర్తొచ్చింది. పెళ్ళికూతురి కాళ్ళ దగ్గర, మట్టికుండలో, మూరెడు అంటు.

"ఛీ" అనుకుంది తార. మార్చిన అక్షరాన్ని మళ్ళీ మునుపటిలాగే పెట్టింది. కృష్ణగిరి కాయ వరుసను మొత్తంగా తీసేసి, శ్రీహరి గదిలోకి వెళ్ళింది.

"సార్, రెండూ ఒకటే చెట్టు. చెప్పడానికి ఆ అధ్యాయంలో ఏమీ లేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మరి నెలాఖరు?" అన్నాడు.

"హాస్టల్ గది ఖాళీ చేస్తాను సార్" అంది తార.