సిర్కాకి కోపం తెప్పించిన సున్నా

ఫిన్లాండులోని తాంపెరె ఊళ్లో లిఫ్టులు బాగుచేసేవాళ్లలో సిర్కాకి కోపం ఎక్కువని అందరికీ తెలుసు. కానీ ఆ రోజు కోపంలో న్యాయముంది. ముప్పై ఏళ్లు లిఫ్టు గోతుల్లోకి దిగీ ఎక్కీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. జావా అనే కంప్యూటర్ భాషలో పరీక్ష పాసైతే కంపెనీ కూర్చుని చేసే పని ఇస్తానంది. తప్పితే మళ్లీ గోతిలోకే. తరగతిలో అందరూ మధ్యాహ్నం కాఫీ వేళలోపల ప్రోగ్రాం రాసి ఇచ్చెయ్యాలి.

ప్రోగ్రాం పసిపిల్లల ఆటలా ఉంది. ఒక మాట ఇస్తే, అందులో ఫలానా అక్షరం ఎన్నిసార్లుందో చెప్పాలి. సిర్కా ఆవిరి స్నానపు గది పేరు ‘సౌనా’ ఇచ్చి ‘ఎస్’ వెతకమంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట పొడవు ఐదు. ఆమె ఒకటి నుంచి ఐదు దాకా లెక్కబెట్టమంది. ప్రోగ్రాం కుప్పకూలింది. పొడవు ఐదేనట, ఐదో స్థానం మాత్రం లేదట. ఒళ్లుమండి ఐదుని నాలుగు చేసింది. ఈసారి కూలలేదు గానీ, సౌనాలో ఎస్సే లేదంది.

జావా నేర్పే మాస్టారు ఓస్కరిని సిర్కా పిలిచింది. కుర్రాడు తెర వంక చూసి నవ్వాడు. జావాలో మొదటి అక్షరం స్థానం సున్నా అనీ, ఐదోది నాలుగు దగ్గరుంటుందనీ, అది అందరికీ తెలిసిందే కదా అని మొదటి రోజు ఆ పాఠం దాటేశాననీ అన్నాడు.

"అందరికీ అంటే ఎవరికి?" అంది సిర్కా. "మన ఊళ్లో వీధి తలుపు తీసి కాలు పెడితే అది ఒకటో అంతస్తు. ముప్పై ఏళ్లలో సున్నా బటన్ నొక్కిన పాపాన పోలేదు నేను."

"జర్మనీ లిఫ్టుల్లో సున్నా ఉంటుందిగా, సిర్కా."

"అయితే ఈ పరీక్ష జర్మన్లకి పెట్టుకో."

ఓస్కరి నవ్వు ఆగింది. సిర్కా కుర్చీ వెనక్కి తిప్పి, తరగతిలో ఒకటి నుంచి మొదలుపెట్టిన వాళ్లెవరని అడిగింది. ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత మెల్లగా అన్నీ లేచాయి. అందరూ లిఫ్టు పనివాళ్లే మరి.

ఓస్కరి చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లి బోర్డు మీద ‘మొదటిది సున్నా’ అని పెద్దగా రాశాడు. సిర్కా ఒకటి చెరిపేసి సున్నా పెట్టింది. ఎస్ దొరికింది, ప్రోగ్రాం పాసైంది.

"ఆ రెండు మాటలూ మొదటి రోజే అంటే నీ నోరు అరిగిపోయేదా?" అంది.

ఓస్కరి తనే వెళ్లి కాఫీ పోసి తెచ్చిచ్చాడు. సిర్కా తాగింది గానీ, థాంక్స్ మాత్రం చెప్పలేదు.