నోరు మెదపని కంసాలిపిట్ట

ఈ ఉదయం మణికొండలో మా బాల్కనీలో టీ తాగుతుంటే, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కొత్తగా దిగినాయన కోపంగా మెసేజ్ పెట్టాడు: ఆదివారం పూట ఈ డ్రిల్లింగ్ ఎవరింట్లో అని. నేను ఫోను బోర్లా పెట్టి, ప్రహరీ పక్క నిద్రగన్నేరు చెట్టు వంక చూసి నవ్వుకున్నాను. టుక్, టుక్, టుక్. మా ముద్దాయి పనిలో దిగాడు.

కొన్నేళ్ల కిందట, అందరూ ఇళ్లలోంచే ఆఫీసు పని చేసుకున్న వేసవిలో, ఈ చప్పుడే మమ్మల్ని పీడించింది. ఎవరు మీటింగులో మాట్లాడబోయినా వెనక సుత్తి దెబ్బలే. నింద మాత్రం మా పై ఫ్లాటులో అప్పుడే కిరాయికి దిగిన కరీంనగర్ జంట మీద పడింది. కొత్త కాపురం, మేకులు కొట్టుకుంటున్నారని అందరూ తేల్చేశారు. మా సెక్రటరీగారు, గోదావరి వైపు పెద్దమనిషి, నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. ఆ అమ్మాయి మా గుమ్మంలో నిలబడి, "అన్నా, మా ఇంట్ల సుత్తే లేదు. క్యాలెండర్ గూడ గమ్ము పెట్టి అంటించినం. గీ ఎండలల్ల ఇంకో ఇల్లు యాడ దొర్కుతది?" అంది.

నేను పాత బైనాక్యులర్ దుమ్ము దులిపి బాల్కనీలో కాపు కాశాను. దొరికాడు. కంసాలిపిట్ట, పిచ్చుక కంటే కాస్త పెద్ద. ఆకుపచ్చ ఒళ్లు, నుదుట కుంకుమ, కంటి చుట్టూ పసుపు. పేరంటానికి బయల్దేరినట్టుంటుంది, ముక్కు చుట్టూ మీసాలతో సహా. రావిపండ్లూ మేడిపండ్లూ తిని బతికే జాతి. ఎండుకొమ్మ ఒకటి దొరికితే చాలు, ముక్కుతో గుండ్రటి తొర్ర తొలిచి కాపురం పెడుతుంది. కిరాయి బాధ లేదు. అరిచేటప్పుడు ముక్కు తెరవదు. గొంతు సంచిలా ఉబ్బుతుంది, తల అటూ ఇటూ తిప్పుతుంది. అందుకే ఆ చప్పుడు ఒకసారి పై ఇంట్లోంచి, ఒకసారి పక్కింట్లోంచి వచ్చినట్టుంటుంది.

ఇదంతా చెబితే సెక్రటరీగారు, "మొన్న దుర్గం చెరువు మొసలి మీ కారుని లిఫ్టు అడిగిందన్నారు కదండి. ఇప్పుడు పిట్టా?" అన్నారు. మొసలి సంగతి నిజమే గాని, అది వేరే కథ. బైనాక్యులర్ ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, "పాపం, నోరు మూసుకునే ఉందండి. దాన్నెందుకంటారు?" అని పిట్టని నిర్దోషిగా వదిలేశారు.

నిజం పనిచేయకపోతే నాకు చేతనైంది ఇంకొకటే. గొంతు తగ్గించి, "మీకు చెప్పకూడదనుకున్నానండి. ఈ పిట్ట మన ఈశాన్యం మూల గూడు పెట్టింది. మా తాతగారి ఊళ్లో ఇది గూడు పెట్టిన ఇంటికి పట్టిందల్లా బంగారమే. మరి పైవాళ్లు దిగాకే వచ్చింది. వాళ్లు వెళ్తే ఉంటుందో, వాళ్ల వెనకే పోతుందో" అన్నాను. ఆయన వాస్తు చూడకుండా చెప్పుల స్టాండు కూడా జరపరు. చెట్టు వైపోసారి, పై ఫ్లాటు వైపోసారి చూశారు. సాయంత్రం స్వయంగా మెట్లెక్కి వెళ్లి, "ఖాళీ చేసే తొందరేం లేదమ్మా, ఉండండి" అన్నారు. ఆ ఎండుకొమ్మ మీద కత్తి పడకూడదని తోటమాలికీ చెప్పారు.

ఇప్పుడు కొత్తాయనకి గ్రూపులో జవాబు పెట్టింది ఆ అమ్మాయే: "గది మన పిట్ట అన్నా. ఫికర్ జెయ్యకు, అలవాటైతది."

చలికాలమంతా దాదాపు మౌనంగా ఉండి, ఎండ ముదిరితే మొదలెడుతుంది. గడియారంలాగే కొడుతుంది గాని ఎంతకాలం గడిచిందో చెప్పదు; అది, పై ఇంటి జంటకి పుట్టిన పాప మా బాల్కనీ కమ్మీకి ఎంతవరకు వచ్చిందో చూసి మేమే తెలుసుకోవాలి.