హొసతొడకు నాటి ఉప్పు పంచాయితీ

మా మామ రామచంద్రప్ప నాలుకకు ఏడాదిలో ఒక్కరోజే రుచి తెలుస్తుంది. ఆ రోజు హొసతొడకు. ఉగాదికి ఒబ్బట్లు తిన్న నోటికి మరునాడు మాంసం పెట్టే పండుగ మాకది. తక్కిన రోజుల్లో పులుసులో ఉప్పు మరిచిపోయినా, రెండుసార్లు వేసినా ఆయన తలొంచుకుని తిని, చెయ్యి కడుక్కుని పొలానికి పోతారు. హొసతొడకు నాడు మాత్రం ఉప్పు దగ్గర ఇల్లు రెండుగా చీలాల్సిందే.

తొంభైల్లో నేను జవళగిరి నుంచి బర్గూరు పక్కనున్న మామ వాళ్ల ఊరికి కోడలిగా వచ్చిన మొదటి పండుగకు, అత్తింట్లో పేరు తెచ్చుకుందామని పొట్టేలు పులుసు నేనే వండాను. మామ వంటింట్లోకి వచ్చారు. గుండిగ మీద మూత కూడా తీయలేదు.

"ఉప్పు ఎక్కువయినాది. ఈ ఇంట్లో మనిషి తినేకి లేదు," అని తలకు తువ్వాలు చుట్టి, గుండిగ నెత్తికెత్తుకుని పక్కింటికి నడిచారు.

పక్కిల్లు దాసప్పది. క్వారీలో రాళ్లు కొట్టే మనిషి. మామ గొంతు మా వంటింటిదాకా వినబడింది. "దాసప్పా, ఆకులు వెయ్యప్పా. ఈడే తింటాను."

నేను వలవలా ఏడుస్తుంటే, మా అత్త నంజమ్మ నింపాదిగా రాగిముద్దల గంప చంకనెత్తుకుంది.

"ఏడవాకమ్మా. నడు, మనమూ పోదాం. ఆయన యాడ తింటే ఆడే మన పండగ."

ఏటా ఇదే తంతు. నాకు పంతం పెరిగింది. ఒక ఏడు ఉప్పు చిటికెడు కూడా వెయ్యకుండా పులుసు దించాను. మామ ఈసారి గరిటెతో రుచి కూడా చూశారు. "ఉప్పు విషం మాదిరి ఉంది," అని గుండిగ ఎత్తారు. దాసప్ప ఇంట్లో ఆ చప్పిడి పులుసే మారు అడిగి మరీ వేయించుకున్నారు. దాసప్ప మాత్రం ఒక ముద్ద తిని, నా ముఖంలోకి చూసి, మళ్లీ ఆకు వైపు తిరిగాడు.

ఇంటికి రాగానే అత్తను నిలదీశాను. "ఏందత్తా ఇది? మామకు నాలుక ఉందా లేదా?"

అత్త నవ్వింది. "ముందు రెండిళ్లలోనూ వండి గిన్నెలు మార్చుకునేవాళ్లం. ఒక ఏడు క్వారీలో రాయి పడి దాసప్ప కాలు విరిగినాది. మేము పంపిన గిన్నె తిప్పి పంపేసినాడు. తిరిగి పెట్టలేనోడు తినకూడదంట. మీ మామ ఆ గిన్నె చూస్తా శానాసేపు కూర్చున్నాడు. ఆమీద లేసి, ఉప్పు ఎక్కువని నామీద ఇంతెత్తున ఎగిరి, గుండిగతో పోయి వాళ్లింట్లో కూర్చున్నాడు. అలిగొచ్చిన మనిషికి ఆకు వెయ్యకుండా ఎట్ల పంపిస్తాడమ్మా?"

"కాలు బాగయినాక మానేయొచ్చు కదా?"

"మానితే, అప్పుడు చేసినది దేనికో తెలిసిపోదా?"

ఇంత మంచి మనిషి మీదా నేను ఇన్నాళ్లు పళ్లు నూరింది అనిపించింది. మరుసటి ఏటి నుంచి నెత్తిన గుండిగ కింద పెట్టుకునే చుట్టకుదురు నేనే అందించాను.

ఆ తరవాత వానలు ముఖం చాటేశాయి. రెండువేల మూడుకల్లా బోరు ఎండింది, గొర్రెల మందను అమ్ముకున్నాం. ఆ హొసతొడకుకు మా పొయ్యి మీద ఉలవచారు తప్ప మరేమీ లేదు. ఎత్తుకుపోవడానికి గుండిగ లేక మామ అరుగు మీదే కూర్చుండిపోయారు. దాసప్ప కొడుకు వేలు హోసూరు కంపెనీలో కుదురుకున్నాడు, వాళ్లింట్లో పండుగ ఘనంగా ఉంది. వేలు వచ్చి పిలిస్తే మామ, "నాకు ఆకలి లేదప్పా," అని పంపేశారు.

కాసేపటికి పక్కింట్లో కేకలు. దాసప్ప గొంతెత్తగా మేమెన్నడూ వినలేదు. చూస్తుండగానే నెత్తిన గుండిగతో, కుంటుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు.

"మా అంగాళమ్మ ఉప్పు ఎక్కువేసినాదన్నా. ఆ ఇంట్లో నేను తినేకి లేదు. ఆకులు వేయించు, ఈడే తింటాను."

మామ మా వైపు తిరిగి, "వెయ్యండి," అన్నారు. కూర్చుని మొదటి ముద్ద తిన్నారు.

"ఎక్కువ యాడుందప్పా? సరిగ్గా సరిపోయినాది."

హొసతొడకు నాడు ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

వెనకాలే వచ్చిన దాసప్ప భార్య అంగాళమ్మ నవ్వాపుకుంటూ నా చెవిలో అంది. "నన్ను ఉప్పు యాడ వెయ్యనిచ్చినాడమ్మా? దించీ దించకముందే ఎత్తుకొచ్చేసినాడు."

అది విని మా అత్త ఉప్పు జాడీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఇద్దరూ మారు వేయించుకున్నారు. జాడీని మాత్రం ఒక్కరూ ముట్టలేదు.