నైట్ షిఫ్టు వారం పరదా

పాల్వంచ కాలనీలో మా క్వార్టర్ పడకగదికి తూర్పున కిటికీ. కరెంటు ప్లాంటులో మా ఆయనకు వారానికో షిఫ్టు మారేది. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే ఎండ నేరుగా మొహం మీద పడేది. ఆ ఒక్క వారం మందపాటి దుప్పటి కట్టాలి, మిగతా వారాలు పల్చని పరదా చాలు. రెండింటికీ కుట్టు పని పెట్టుకునే ఓపిక నాకు లేదు. కింద క్లిప్పు వేలాడే పరదా రింగులైతే రాడ్డుకు అలాగే ఉంటాయి, బట్ట ఒక్కటి మార్చుకుంటే సరి.

బజారులో దుకాణాయన రెండు రకాలు చూపించాడు. "అక్కా, గీ నున్నటి క్లిప్పులు పల్చటి బట్టకే ఆగుతయ్. దుప్పటికైతే పళ్లున్నయే తీస్కోవాలె. రింగు రాడ్డు కంటె పెద్దగుండాలె, లేకుంటె జరగది."

మా ఆయన పళ్లున్న క్లిప్పు ఒకటి తన చెవితమ్మెకు పెట్టుకుని, "అబ్బ! ఏందిది, ఏనుగును గూడ పట్టుకుంటది. ఇవే ఇయ్యి" అన్నాడు. దుకాణంలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

క్లిప్పును ఒంటి పొరకు పెడితే పళ్లు బట్టను కొరికేస్తాయి, అంచు మడిచి పెట్టాలి. ఒక దుప్పటి చిరిగాక గానీ నాకు తెలియలేదు. చివరి రింగును, రాడ్డును గోడకు పట్టే బ్రాకెట్టుకు అవతల వేస్తే గోడ పక్క సందులోంచి వెలుతురు రాదు. అది ఆయన కనిపెట్టిందే. దుప్పటి ఉన్న వారం పగలు ఆయన నిద్ర చెడుతుందని ఇంట్లో ఎవరమూ చప్పుడు చేసేవాళ్లం కాదు.

మరుసటి ఎండాకాలం ఆయన గుండెనొప్పితో పోయాడు. సమాధి చేసి వచ్చాం. పాస్టరు గారు ప్రార్థన చేశారు. చుట్టాలు నాలుగు రోజులుండి వెళ్లారు. నాకు ఏడుపు రాలేదు. రాయిలా కూర్చుందని మా ఆడబిడ్డ నా ముందే అంది. అననీ అనుకున్నాను. వంట, బట్టలు, పాప బడి, అన్నీ జరుగుతూనే ఉన్నాయి. షిఫ్టుల వరస కూడా నా తలలో నడుస్తూనే ఉంది. నైట్ షిఫ్టు వారం రాగానే స్టూలెక్కి పరదా తీసి దుప్పటి పెట్టాను. ఆయన లేడని తెలుసు. అయినా చేతులు ఆగలేదు. ఆ తర్వాత మూడు నెలలు అలాగే మారుస్తూ వచ్చాను. నాలుగో తరగతి చదివే మా పాప చూసేది, ఏమీ అడిగేది కాదు. అడగకపోవడమే నాకు హాయిగా ఉండేది.

ఓ శనివారం బడి మధ్యాహ్నానికే వదిలారు. పాప గుమ్మంలో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద వంటింట్లోకి వచ్చింది. మోకాలు పగిలి పాదం దాకా నెత్తురు. పెదవి గట్టిగా కొరుక్కుని ఉంది.

"ఏమైంది బిడ్డా? నొస్తలేదా?"

"నొస్తుంది" అంది, నా చెవి దగ్గరికి వంగి. "నువ్వు దుప్పటి పెట్టినవ్ గదమ్మా. గందుకే ఏడుస్తలేను."

లోపలికి వెళ్లి దుప్పటిని ఒక్క గుంజు గుంజి కింద పడేశాను. అప్పుడు ఏడ్చింది పాప, వీధంతా వినబడేలా. నాకు అప్పుడూ రాలేదు. దాన్ని ఒళ్లో వేసుకుని, "ఏడువు బిడ్డా, ఇంకా గట్టిగ ఏడువు" అంటూ కూర్చున్నాను.