ఎర్రనీళ్ళు ఆగిన గడప

మొన్న మా వీధిలోకి జేసీబీ వచ్చింది. నేలలో పైపులు వేసి మురుగునీళ్ళను కంటికి కనపడకుండా పంపిస్తారట, అందుకని పాత కాలువను ఆ కొస నుంచి ఈ కొస దాకా పెకలిస్తున్నారు. పని లేని ముసలివాళ్ళకు జేసీబీని మించిన కాలక్షేపం ఇంకోటి లేదని నా ఈడు వాళ్ళకు నేను చెప్పాలా? తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరో పనికట్టుకుని పిలిచినట్టు పోయి నిలబడ్డాను. సరిగ్గా మా ఇంటి ముందర, కాలువ అడుగున పరిచిన బండనొకదాన్ని ఆ యంత్రం పైకెత్తి గట్టున పడేసింది. బురద జారిపోయాక చూద్దును గదా, బండంతా కుంకుమ రంగు. అంచున చిలకపచ్చ, ఆ పక్కన వంగపండు రంగులో ఒక చార.

మూడు కాళ్ళ యంత్రం పెట్టుకుని కొలతలు తీస్తున్న ఇంజనీరు కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, "ఈ పాత కాలువకు నీళ్ళు పారే వాటం భలే కుదిరింది తాతా, ఏ ఇంజనీరు కట్టించినాడు?" అని అడిగాడు. "ఎర్రనీళ్ళు" అన్నాను. పాపం, ఆ పిల్లవాడు నన్ను జాలిగా చూసి, ఎండలో నిలబడొద్దని చెప్పి పోయాడు. అతనికి చెప్పలేకపోయిన సంగతి మీకు చెబుతాను, మీకూ నాకు మల్లేనే వేరే పనేమీ ఉండదు కాబట్టి.

మాది ధర్మవరంలో నేతగాళ్ళ వీధి. అప్పట్లో ఇరవైరెండు ఇళ్ళు, ఇంటింటికీ ఒక గుంత మగ్గం. ఆ మగ్గం చూడని పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు గనుక చెప్పక తప్పదు: నేతగాడు నేల మీదే కూచుని, కాళ్ళు గుంతలోకి వేలాడేసుకుని, లోపల తొక్కుడు కర్రలు తొక్కుతూ పైన పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడిస్తాడు. మనిషి సగం భూమిలోనూ సగం భూమి మీదా ఉంటాడన్న మాట. పడని చుట్టమెవరైనా వస్తే మిగతా సగాన్ని కూడా లోపలికి లాక్కునే సౌకర్యం ఆ పనిలో తప్ప ఇంకే పనిలోనూ లేదు. వీధి ఎగువ కొసన మా పెదనాయన ఇల్లు, దిగువ కొసన మా ఇల్లు, మమ్మల్ని దాటి ఇరవై అడుగులు పోతే వాననీళ్ళు పారే వంక. మా సీమలో వాన ఏడాదికి నాలుగుసార్లే వస్తుంది గానీ వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లోనే దిగేది. వీధిలో పడిన ప్రతి చుక్కా దొర్లుకుంటూ వచ్చి, మా గడప దాటి, మగ్గం గుంతలో ఎనుము మాదిరి చల్లగా పడుకునేది.

అప్పటికి నాకు కొత్తగా పెండ్లయింది. బడి సంగతంటారా, తొట్టిలోకి నీళ్ళు వచ్చే కొళాయి ఒకటి, పోయే కొళాయి ఒకటి ఉంటే తొట్టి ఎప్పుడు నిండునని లెక్కల అయ్యవారు అడిగిన రోజే నేను ఏడో తరగతికీ, చదువుకూ దండం పెట్టి వచ్చేశాను. ఆ లెక్క అప్పుడే నేర్చుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. నా భార్యది హిందూపురం. కాపురానికి వచ్చిన మొదటి వానకే, గుంతలోంచి చెంబుతో నీళ్ళు తోడుతూ ఆమె, "మా ఊర్లో బిందెడు నీళ్ళకు జుట్లు పట్టుకుంటారప్పా, మీకు ఇంట్లోకే వస్తాండాయి, ఎంత పుణ్యం చేసుకున్నారో!" అన్నది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక మా నాయన మగ్గం వైపు తిరిగి కూచున్నాడు.

నవ్వేందుకు ఆయన దగ్గర నిజంగానే ఏమీ మిగల్లేదు. అప్పటికే మగ్గం మీద నిలువునా సాగదీసిన పట్టుపోగుల పడుగులు రెండు నీళ్ళు తగిలి మచ్చలుపడి పాడయ్యాయి. మాకు పట్టు ఇచ్చే షావుకారు మా గడపలోనే నిలబడి, "ఇంగొక్క పడుగు తడిసిందంటే మీ ఇంటికి పట్టు ఇచ్చేది లేదబ్బా. నేను చీర నెయ్యమని ఇస్తాండా గానీ చేపలు పట్టమని కాదు" అని తేల్చేశాడు. పట్టు రాకపోతే మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగితే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తన గుంతలో తప్ప ఇంకెక్కడా కూర్చోని మా నాయన ఏ ఊళ్ళోనో ఎవరి షెడ్డులోనో కూలికి నిలబడాలి. ఆయన కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాడు. స్వామికి మా వీధి వాటం గురించి తెలిసినట్టు లేదు.

పెదనాయన వీధికి పెద్ద. సంగతి విని అందరినీ తన అరుగు మీదికి పిలిచాడు. ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక మనకు లేదు, అమావాస్యనాడు మగ్గాలకెలాగూ సెలవే, ఎవరి గడప ముందర వాళ్ళు తవ్వుకుంటే పొద్దు గుంకేలోగా వంకదాకా కాలువ తయారని ఆయన చెబితే అందరమూ ఆహా అన్నాము. అమావాస్య రానే వచ్చింది. గడ్డపారలు లేచాయి, ఆడవాళ్ళు తట్టలెత్తారు, మధ్యాహ్నానికి బొరుగులూ టీ, సాయంత్రానికి కాలువ.

ఇక్కడే మా జాతి తెలివి బయటపడింది. వేల పోగుల పడుగులో ఒక్క పోగు తెగితే చీకట్లో తడిమి చెప్పగలవాళ్ళం. కానీ ప్రతివాడూ తన ఇంటి నీళ్ళు పక్కింటికి త్వరగా పోవాలని కిందికొసన లోతు చేశాడు, పైనుంచి వచ్చే నీళ్ళు తనకు రాకూడదని పైకొసన జానెడు మట్టిగట్టు వదిలిపెట్టాడు. లోతు కొలవడానికి ఎవరి మూర వాళ్ళదే. ఆజానుబాహువైన పెదనాయన మూరా, మగ్గం మీద కూచుంటే తల మాత్రమే కనిపించే రంగుల మామ మూరా ఒకటవుతాయా? మేము తవ్వింది కాలువ కాదు, ఇరవైరెండు తొట్లు. మొదటి వానకు తొట్లన్నీ నిండి, ఒకదాని మీదుగా ఒకటి పొర్లి, మునుపు కాళ్ళతో నడిచి వచ్చిన నీళ్ళు ఈసారి పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాయి. నాయనా నేనూ పడుగును ఎత్తి పట్టుకుంటే నా భార్య తాళ్ళతో దూలానికి కట్టింది. జానెడు తేడాతో పడుగు బతికింది.

మర్నాడు పంచాయితీ పెడితే ఒక్కడూ ఒప్పుకోలేదు. అందరిదీ ఒకటే పాట: "నా గడప ముందర సరిగ్గానే ఉండాదప్పా, కిందోడిది చూడు." కిందివాడు ఇంకా కిందివాణ్ణి చూపిస్తాడు. మాటలు ముదిరి తాతల దాకా పోయాయి. అప్పుడు నా భార్య, వాకిట్లో బియ్యం ఏరుకుంటున్నదల్లా తలెత్తకుండానే, "మనుషుల్ని అడిగితే ఏం చెప్తారు? నీళ్ళనే అడగండి. బురదలో బురదనీళ్ళు కనపడకపోతే ఇంత రంగు కలపండి" అన్నది.

పెదనాయన ఇంటి పక్కనే రంగుల మామ ఇల్లు. పట్టుకు రంగులు వేసేది ఆయనే. చేతులు మోచేతుల దాకా ఏ రంగులో ఉంటే ఆ వారం ఆ రంగు చీరలు దిగుతాయని మాకు లెక్క. రంగు వేశాక మిగిలిన నీళ్ళను ఆయన పెరట్లో పారబోసేవాడు. ఈ కాలంలో అయితే మా అందరి మీదా కేసులు పెడతారేమో గానీ, ఆ పొద్దున ఆయన నాలుగు గంగాళాల కుంకుమనీళ్ళు తెచ్చి కాలువ మొదట్లో కుమ్మరించాడు. వెనకాల ఆడవాళ్ళు బిందెలతో మంచినీళ్ళు పోశారు. ఎర్రనీళ్ళు గలగలా బయలుదేరి, ఘనంగా రెండు బారలు నడిచి, ఆగిపోయాయి. పెదనాయన గడప ముందరే.

 పెదనాయన కండువా సర్దుకుని, "ఇది వాటం తప్పు కాదురా, రంగు చిక్కగా ఉండాది, దాంతో ఆగింది" అన్నాడు. రంగుల మామ తన పనితనాన్ని ఎవరో నడివీధిలో నిలబెట్టి తన్నినంత బాధపడి, "నా రంగు నీళ్ళకంటే పల్చగా పోతాది బావా, నీ గట్టే చిక్కగా ఉండాది" అన్నాడు. ఇంతలో పెద్దమ్మ బయటికి వచ్చి, గడప ముందర నిలిచిన ఎర్రటి మడుగును, దాని పక్కన నిలిచిన భర్తను చూసి, "ఊరందరికీ కాలువ తవ్వమని చెప్పి నువ్వు చెరువు కట్టుకున్నావా?" అంటూ గడ్డపార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెద్దాయన పంచె ఎగగట్టి గట్టు తవ్వేశాడు.

ఆ రోజు నుంచీ నాకు పండగే. షావుకారు ఏ రంగు చెబితే ఆ రంగు నీళ్ళు పొద్దున్నే వీధిలోకి దిగేవి, నేను దేవుడి ఊరేగింపు ముందర మేళగాడి మాదిరి వాటి ముందర నడిచేవాణ్ణి. ఎక్కడ ఆగితే అక్కడ ఆ ఇంటికి పేరు పెట్టేవాణ్ణి: పెదనాయనది కుంకుమ చెరువు, నాలుగో ఇల్లు చిలకపచ్చ కుంట, బారసాలలో కూడా ఎవరితోనూ పలకని తొమ్మిదో ఇంటాయనది వంగపండు బావి. నేను నవ్వుతుండగానే వాళ్ళు తిట్టుకుంటూ గట్టు తీసేవాళ్ళు. తీశాక పక్కింటివాడి వంతు చూడటానికి నాతోపాటే నడిచేవాళ్ళు. మూడు వారాల్లో ఊరేగింపు పెద్దదయింది. ఆడవాళ్ళు కసవు ఊడుస్తూ, "ఈ పొద్దు పచ్చ యాడ నిలిచిందక్కా?" అని పలకరించుకునే దాకా వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే తూర్పున మబ్బు నల్లగా కమ్మింది. వాన పడేలోగా తేల్చేద్దామని మామ ఎర్రనీళ్ళు వదిలాడు. నీళ్ళు కుంకుమ చెరువు దాటాయి, చిలకపచ్చ కుంట దాటాయి, వంగపండు బావిని తిరిగి చూడకుండా పోయాయి. వెనకాల ఇరవైయొక్క ఇళ్ళవాళ్ళూ నేనూ చప్పట్లు కొడుతూ నడిచాము. నీళ్ళు మా ఇంటి దాకా వచ్చి ఆగిపోయాయి.

చప్పట్లూ ఆగిపోయాయి. అక్కడున్న గట్టు నేను పెట్టిందే. మొదటి వాన తర్వాత ఎవరూ చూడకుండా దాని మీద ఒక రాయి పెట్టి, బంకమన్ను మెత్తి ఇంకో జానెడు లేపాను కూడా. గుంత కాపాడుకుంటున్నానని అనుకున్నాను గానీ, నీళ్ళను వంకకు పోనీయకుండా పట్టుకుని మా గడపలోకి తిప్పుతున్నది నా ఆనకట్టేనని తొట్టి లెక్క రాని నాకెలా తెలుస్తుంది? మూడు వారాలు అందరికీ పేర్లు పెట్టిన నాకు ఆ క్షణంలో పెట్టుకోవడానికి ఒక్క పేరూ తోచలేదు. తొమ్మిదో ఇంటాయన జీవితంలో మొదటిసారి నోరు తెరిచి, "సముద్రం" అన్నాడు. వీధి వీధంతా పగలబడి నవ్వింది.

నాయన మాత్రం గట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. "దీన్ని తీస్తే వీధి నీళ్ళన్నీ నా గడప ముందర నుంచే పోవల్ల. ఏమాత్రం తప్పినా గుంతలోకే. ఇంగొక్క పడుగు తడిస్తే..." అని మబ్బు వైపు చూశాడు. నవ్వేవాళ్ళు నవ్వు మింగేశారు. అప్పుడు పెదనాయన ముందుకు వచ్చి, "రేయ్ తమ్ముడూ, నీ పడుగు తడిస్తే నా మగ్గం మీది పడుగు తెచ్చి నీ మగ్గానికి ఎక్కిస్తా. సావుకారికి నేను చెప్పుకుంటా. నువ్వు నెయ్యి, నేను అరుగు మీద కూచుంటా. తప్పుకో" అన్నాడు. నాయన తప్పుకున్నాడు. నా భార్య గడ్డపార తెచ్చి నా చేతిలో పెట్టి, "ఏమయ్యో, మాటలన్నీ అయిపోయినాయా? ఇంగ చేతులకు పని చెప్పు" అన్నది. నేను పెట్టిన రాయిని నేనే పెకలించాను. ఎర్రనీళ్ళు ఒక్క ఊపున మా గడప దాటి వంకలో పడ్డాయి.

మధ్యాహ్నం వాన కుమ్మేసింది. గోనెసంచులు నెత్తిన కప్పుకుని ఒక్కొక్కరే మా ఇంట్లోకి వచ్చి, బిడ్డ పుట్టిన ఇంట్లో ఉయ్యాల చుట్టూ చేరినట్టు మగ్గం గుంత చుట్టూ చేరారు. పెదనాయన గుంతలోకి వంగి, జ్వరం చూసినట్టు అడుగున మట్టి తడిమి, "ఎండింది" అన్నాడు. నాయన కాళ్ళు గుంతలోకి వేలాడేసి కూచుని, వాన వెలిసేదాకా నేస్తూనే ఉన్నాడు. షావుకారు పట్టు ఆపలేదు. పెనుకొండలో ఉన్న మా బావ తర్వాత లారీలో బండలు పంపితే కాలువ అడుగున పరిచాము. మామ మాత్రం బతికున్నన్నాళ్ళూ వారానికొకసారి రంగునీళ్ళు వదిలి, అరుగు మీద కూచుని, చివరి ఇంటి నుంచి "దాటినాయి" అని కేక వచ్చాకే కాఫీ తాగేవాడు. బండలకు అంటిన రంగు ఆ కేకల నాటిది.

ఇప్పుడు వీధిలో గుంత మగ్గాలు లేవు. మా గుంతను పూడ్చి పైన టైల్సు వేశాము, నాయన కాళ్ళుండిన చోట మా వాడి మోటారు సైకిలు ఉంటుంది. వాడు ఎర్రమంచిలో కార్ల కంపెనీకి పోతాడు. ఇంజనీరు కుర్రవాడు సాయంత్రం సామాను సర్దుకుంటూ, "ఇంగ నీళ్ళు యాడ పోతాండాయో మీకు కనపడనే కనపడవు తాతా" అని సంతోషంగా చెప్పాడు. మంచిదే, దోమలుండవు. కానీ మొన్న నాలుగో ఇంటివాడు, మా చిలకపచ్చ కుంట, పది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాడట, ఆ సంగతి నాకు కిరాణా కొట్టులో తెలిసింది. మా వీధిలోనే ఒక ఇంటి ముందర ఏదో ఆగిపోయింది, నేను చూడలేదు. పైపు మూసి ఉంటే ఎవరి గడప ముందర ఏం ఆగిందో చెప్పే రంగు ఇంకా ఎవరూ కనిపెట్టినట్టు లేదు.

ఆ ఎర్రబండను జేసీబీ డ్రైవరును బతిమాలి ఇంటికి తెచ్చి వాకిట్లో వేయించాను. నా భార్య దాని మీద బకెట్టు నీళ్ళు పోసి, చీపురుతో రుద్ది రుద్ది, చివరికి నడుం పట్టుకుని నిలబడి, "ఇది పోదు లేయ్యా" అన్నది. ఆ మాట వినడానికే నేను బండ మోయించుకొచ్చానని ఆమెకు చెప్పలేదు. చెప్పులు వేసుకుని నాలుగో ఇంటికి బయలుదేరాను.