మెట్ల కింద మోటారు, వరండాలో స్విచ్

2023 ఎండాకాలం. తార్నాక వైపున్న యూనివర్సిటీ స్టాఫ్ క్వార్టర్లకు మెయింటెనెన్స్ ఇంజనీరుగా కొత్తగా చేరాను. పగిలిన పైపుల కంటే పొరుగువాళ్ల తగాదాలే మా ఆఫీసుకు ఎక్కువగా వస్తాయని అప్పటికి నాకు తెలియదు.

ఆ బ్లాకులో కింది ఇంట్లో సుగుణమ్మ ఉండేది. కడప ఆమె, లైబ్రరీలో ఉద్యోగం, ఒంటరి మనిషి. పైన యూనివర్సిటీ బస్సు డ్రైవర్ యాదగిరి కుటుంబం. పై ట్యాంకుకు నీళ్లు ఎక్కించడానికి రెండిళ్లకూ ఒకటే మోటారు. అది మెట్ల కింద, ఆమె పడకగది గోడకు ఆనుకుని ఉంది. స్విచ్ ఆమె వరండాలో ఉంది. రోజూ పొద్దున్నే యాదగిరి దిగివచ్చి తలుపు కొట్టాలి. ఆమె లేచి మోటారు వెయ్యాలి.

ఫిర్యాదు రెండువైపుల నుంచీ వచ్చింది.

"ఆ మోటరు ఆడితే నా మంచం వణుకుతాదప్పా. మిక్సీలో పండుకున్నట్టు ఉంటాది" అంది సుగుణమ్మ.

"నీళ్ల కోసం రోజూ పొద్దుగాల ఈమెకు దండం పెట్టాల్నా సార్?" అన్నాడు యాదగిరి.

"ఎన్నడన్నా పెట్టినావా? తలుపు పగలగొడతావు గానీ!"

"మెల్లగ పిలిస్తె మీకు ఇనబడ్తదా మేడం?"

నేను సమస్యను మూడు ముక్కలు చేశాను. ఒకటి, మోటారు అదురు: దాని కింద వైబ్రేషన్ ప్యాడ్లు, అంటే మందపాటి రబ్బరు దిమ్మలు వెయ్యాలి. రెండు, ఆ అదురు గోడలోకి పాకడం: పైపుకు ఫ్లెక్సిబుల్ జాయింట్, అంటే అదురును మింగే మెత్తని అతుకు పెట్టాలి. మూడు, స్విచ్: పైన ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ వెయ్యాలి. అది నీటితో పాటు లేస్తూ దిగుతూ, మోటారును తనంతట తానే వేసి ఆపుతుంది.

సుగుణమ్మ మూడోది వద్దంది. యాదగిరి పైకి వెళ్లేదాకా ఆగి, కారణం చెప్పింది.

"నాకు షుగరు నాయనా. రెండుసార్లు కళ్లు తిరిగి పడినాను. తిట్టుకుంటా వచ్చినా, తెల్లారితే ఆ మనిషి నా తలుపు కొడతాడు."

"ఆ సంగతి ఆయనకే చెప్పొచ్చు కదమ్మా?"

"వద్దు, చెప్పొద్దు. జాలిపడి కొట్టేటోడు నాలుగు రోజులు కొడతాడు. నీళ్ల కోసం కొట్టేటోడు రోజూ కొడతాడు."

పై అధికారికి ఆమె మాట చెప్పాను. స్విచ్ ఉన్నంతకాలం తగాదా ఉంటుందని ఆయన ఫ్లోట్ స్విచ్ వెయ్యమన్నారు. ప్యాడ్లు, జాయింటుతో పాటు అదీ వేశాను. మర్నాటి నుంచి, మోటారు మీద చెయ్యి పెడితే గానీ తిరుగుతోందని తెలియలేదు. ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఆ వానాకాలంలో ఒక రెండో శనివారం తెల్లవారుజామున ఆమె బాత్రూంలో పడిపోయింది. సెలవులు కాబట్టి లైబ్రరీలో ఎవరూ వెతకలేదు. సోమవారం తోటి ఉద్యోగి వచ్చి చూసేసరికి ప్రాణం లేదు.

నేను వెళ్లినప్పుడు యాదగిరి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మునుపటి లెక్కనైతే శనివారం పొద్దుగాలనే తలుపు కొట్టేటోణ్ణి సార్" అన్నాడు. "తియ్యకపోతే పగలగొట్టేటోణ్ణి."

ఆమె నాతో అన్న మాట అతనికి చెప్పలేకపోయాను. అతని కాళ్ల కింద, మెట్ల చాటున ఉన్న మోటారు మీద చెయ్యి పెట్టాను, తనంతట తానే తిరుగుతోంది. అతనికి వినపడలేదు.

ఇప్పుడు ఏ తగాదాకు వెళ్లినా అదురు, గోడ, స్విచ్ లాంటివి చూశాక నాలుగో ప్రశ్న ఒకటి వేసుకుంటాను. ఇది తీరిపోయాక వీళ్లు ఒకరి తలుపు ఒకరు కొట్టడానికి ఇంకేం మిగులుతుంది? చాలా ఇళ్ల దగ్గర నాకు జవాబు దొరకడం లేదు.