పెట్టె మీద కూర్చున్న వదిన

మా బస్సు డిపో క్యాంటీన్‌లో వంట మా వదిన చేతిది. నేను అదే డిపోలో సీట్లు కుడతాను. డీజిల్ దొరక్క సగం బస్సులు షెడ్డులో ముసుగు తన్ని పడుకున్నాక నాకు పని తగ్గింది. గ్యాసు బండలు కూడా తగ్గించేసరికి ఆవిడకి చిక్కొచ్చిపడింది.

"సోమవారం నుంచి ఒక్క పొయ్యే. దాని మీద అందరికీ వేళకి భోజనం పెట్టగలిగితే సరి, లేకపోతే క్యాంటీన్‌కి తాళమేనమ్మా," అన్నాడు మేనేజరు. ఆయనకీ ఇష్టం లేదు. పైవాళ్ల మాట కిందికి దించాడు, అంతే.

వదిన నేరుగా నా దగ్గరికొచ్చింది. "మరిదీ, పాత సీట్ల స్పాంజి ఎంతుంది?"

పనిముట్ల చెక్కపెట్టె ఒకటి ఖాళీ చేసి, లోపలంతా స్పాంజి పరిచి, మూతకి మెత్త కుట్టాను. వదిన ఉపాయం ఇదీ: కూరకి నానబెట్టిన చిక్కుడు గింజల్ని పొయ్యి మీద బాగా తెర్లించి, గిన్నెని ఆ సెగతోనే పెట్టెలో దించి మూసెయ్యాలి. మిగతా ఉడుకు అదే ఉడుకుతుంది. ఆలోగా పొయ్యి అన్నానికి ఖాళీ.

శనివారం చేసి చూశాం. గింజలు గులకరాళ్లు!

"నీ కుట్టుపని మండినట్టే ఉంది," అంది వదిన.

"నువ్వు మూత ఎన్నిసార్లు తీశావు?"

"ఒక్కసారే! ఉప్పు చూడ్డానికి. తర్వాత ఉప్పు పట్టిందా అని. ఆ తర్వాత మూత సరిగ్గా పడిందా అని..."

గిన్నె పక్కనుంటే చెయ్యి ఊరుకునే వంటమనిషి ఎక్కడుంటుంది? అందుకే సోమవారం గిన్నె పెట్టెలో దించగానే తనే ఎక్కి కూర్చుంది. నాలుగడుగుల దూరంలో పొయ్యి, ఒళ్లో గరిటె.

"వదినా, కోడిపిల్లలెప్పుడు బయటికొస్తాయి?" అన్నాడు ఒక కండక్టరు.

"వచ్చాక ముందు నీ ముక్కే పొడుస్తాయిరా, దగ్గరికి రాకు!"

అంతలో అన్నం పొంగింది. వదిన లేవాలి, లేస్తే మూతకి కాపలా ఎవరు? సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చి, "ఏదమ్మా, ఒక్కసారి మూత తీ..." అన్నాడు.

"కూర్చోండి బాబూ!" అని ఆయన భుజాలు పట్టి పెట్టె మీద కుదేసి పొయ్యి దగ్గరికి ఉరికింది.

ఆయన సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత మొహం విప్పారింది. "ఇదేమిటోయ్, కింద వెచ్చగా ఉంది! నా నడుంనొప్పికి ఎంత హాయిగా ఉందో!"

పైకి వెచ్చగా తగిలిందంటే సెగ పోతున్నట్టే. నా కుట్టే ఎక్కడో నోరు తెరిచింది. వంగి చూస్తే మూత మూలన వేలు దూరేంత సందు. చొక్కా విప్పి అందులో కుక్కేశాను. మేనేజరు బరువుకి మూత ఇంకా బిగిసింది.

"సార్, కదలకండి!"

"కదిలేదెవరు?"

ఆయన జేబులో ఫోను మోగింది. పైవాళ్లు. "ఉడుకుతోంది సార్... లేదు సార్, చూడలేదు... చూస్తే ఉడకదు సార్!"

వంటింటి గుమ్మంలో డ్రైవర్లు కడుపు పట్టుకుని కూలబడ్డారు. వదిన మాత్రం నవ్వలేదు. తాళం మాట ఆవిడకి గుర్తుంది.

భోజనం గంట మోగింది. మేనేజరుని ఇద్దరం లేపాల్సొచ్చింది. మూత ఎత్తగానే ఆయన కళ్లజోడు ఆవిరితో తెల్లబడింది. వదిన ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య నొక్కింది. వెన్న.

అప్పుడు నవ్వింది. నవ్వి నవ్వి అదే పెట్టె అంచు మీద కూలబడింది. నేను చొక్కా లేకుండానే వడ్డించాను.

తాళం మాట మళ్లీ ఎత్తకుండా మేనేజరు రెండో పెట్టె చెయ్యమన్నాడు. పాత తప్పు దిద్దుకుంటూ, సందనేది లేకుండా కుట్టాను. ఆయన వచ్చి ఎక్కి కూర్చుని, అటూ ఇటూ కదిలి చూసి, మొహం చిట్లించాడు.

"ఇది చల్లగా ఉందోయ్. నీకు పని రాదు."

నా పనికి అంతకన్నా మెప్పు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.